చలికాలపు పశువుల రాంచ్ నుంచి ఇంటికి ఉత్తరం: కుటుంబ విశేషాలు రాసిపెట్టుకొనే పద్ధతి

అమెరికాలోని మోంటానా, వయోమింగ్, నెబ్రాస్కా, ఉత్తర దక్షిణ డకోటా రాష్ట్రాలలో పశువుల రాంచ్‌ల మీద, అంటే మందలను పెంచే పెద్ద క్షేత్రాల మీద ఆధారపడి బతికే కుటుంబాలకు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా రాకపోకలు తగ్గిపోతాయి, చెప్పుకోవలసిన కబుర్లు మాత్రం ఆ నెలల్లోనే పేరుకుంటాయి. అటువంటి ఇంటికి కోడలిగానో అల్లుడిగానో వెళ్లిన తెలుగువారికి, ఆ చిన్న ఊళ్లలో వైద్యులుగానో పశువైద్యులుగానో పనిచేస్తూ అక్కడి కుటుంబాలతో కలిసిపోయినవారికి, గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నలకు ఆ చలికాలం ఎలా గడిచిందో చెప్పడం ఒక చిక్కు. బాగా మంచు పడిందని, అందరూ క్షేమమని చెప్పేసరికి ఫోను సంభాషణ ముగిసిపోతుంది. అవతలివారికి అక్కడి జీవితం ఏమాత్రం కంటికి కట్టదు.

రాంచ్‌లో ఇంటి కబుర్లు ఒక చోట, పశువుల కబుర్లు ఒక చోట ఉండవు. పశువుల సంగతి గంటతో, అంకెతో, వాతావరణంతో సహా ఏరోజుకారోజు రాసిపెట్టుకుంటే, ఎవరు నిద్ర మానుకున్నారో, ఎవరి పుట్టినరోజు ఎవరికీ గుర్తులేకుండా పోయిందో దానంతట అదే బయటపడుతుంది. కింద చెప్పిన పద్ధతికి ఇదే ఆధారం.

జేబు పుస్తకం

ప్రతి రాంచ్‌లోనూ చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి ఉంటుంది. ఆవులు ఈనే కాలంలో ఆవు చెవి బిళ్ల నంబరు, ఈనిన తేదీ, దూడ పెయ్యో కోడెయో, ఈత తేలికగా అయిందా లేక మనిషి సాయం పట్టవలసి వచ్చిందా అన్న వివరాలు అందులో తప్పనిసరిగా రాస్తారు. కాబట్టి కుటుంబ విశేషాల కోసం వేరే డైరీ కొనే ఆలోచన మానుకోండి. చలికాలంలో రెండు పుస్తకాలు నడిపే ఓపిక ఎవరికీ ఉండదు, జనవరి మొదటి వారంలో ముత్యాల్లాంటి అక్షరాలతో మొదలైన డైరీ ఫిబ్రవరి నాటికి అలమరలోకి వెళ్లిపోతుంది. ఉన్న జేబు పుస్తకంలోనే ప్రతి పేజీకి కుడివైపున ఒక నిలువు గీత గీసి, ఆ సన్నని గడిలో మనుషుల సంగతి రెండు మూడు మాటల్లో వేయండి. “రాత్రి 2, నేను”, “బాబుకు జ్వరం”, “బస్సు రాలేదు”, “మామయ్యగారు జారిపడ్డారు, మణికట్టు” అన్నంత చాలు. వాక్యాలు తరువాత కూర్చుకోవచ్చు.

పెన్సిల్‌తోనే రాయాలి. చలి ముదిరితే బాల్‌పెన్ సిరా చిక్కబడి కాగితం మీద గీత పడదు. ఫోనులో రాసుకుందామంటే చేతి తొడుగు తీయాలి, పైగా ఆ చలికి బ్యాటరీ చటుక్కున పడిపోతుంది. పెన్సిల్ ముక్కను దారంతో పుస్తకానికి కట్టుకొనేవారు తెలివైనవారు.

చెవి బిళ్ల మీద నంబరుతో పాటు చాలా చోట్ల ఒక ఇంగ్లిషు అక్షరం కూడా ఉంటుంది, అది పశువు పుట్టిన సంవత్సరానికి గుర్తు. 2023కు ఎల్, 2024కు ఎమ్, 2025కు ఎన్, 2026కు పి. ఇతర అక్షరాలతోనో అంకెలతోనో పొరబడే అవకాశం ఉన్న ఐ, ఓ, క్యూ, వి అక్షరాలను ఈ వరుసలో వాడరు. ఇంటి కాలమానానికి ఈ అక్షరమే మంచి కొలబద్ద. ఎల్ అక్షరపు ఆవులు దూడలుగా పుట్టిన చలికాలమే మీ పాప పుట్టిన చలికాలమైతే, ఆ మంద ఇంట్లో ఉన్నన్నాళ్లూ పాప వయసు ఎవరూ మరిచిపోరు.

ఆవు చూడికాలం సగటున 283 రోజులు. జూన్ 1న ఆబోతులను మందలోకి వదిలితే తొలి దూడలను మార్చి 11 ప్రాంతంలో ఎదురుచూడవచ్చు. ఈ లెక్కను పుస్తకం మొదటి పేజీలోనే రాసిపెట్టండి, ఎందుకంటే ఆ ఇంటి సంవత్సరమంతా దాని చుట్టూ తిరుగుతుంది. మార్చిలో ఆ ఇంట పెళ్లి పెట్టుకొన్నవారిని నేను ఎరుగను.

వాతావరణం రాయడం

ఎక్కువమంది ఉష్ణోగ్రత ఒక్కటే రాసి ఊరుకుంటారు. అది చాలదు. చలికాలపు బొచ్చు దట్టంగా పెరిగి, ఒళ్లు పొడిగా ఉన్న ఆవు దాదాపు 18 ఫారెన్‌హీట్ డిగ్రీల వరకు, అంటే సున్నాకు దిగువ 8 సెల్సియస్ డిగ్రీల వరకు, అదనపు మేత అడగకుండానే తట్టుకుంటుంది. అదే ఆవు బొచ్చు తడిస్తే 59 ఫారెన్‌హీట్, అంటే 15 సెల్సియస్ దగ్గరే దానికి చలి మొదలవుతుంది. ఆ హద్దు దాటాక ఒక్కొక్క ఫారెన్‌హీట్ డిగ్రీ తగ్గినకొద్దీ ఆవుకు కావలసిన మేత శక్తి సుమారు ఒక శాతం చొప్పున పెరుగుతుంది. కాబట్టి డిగ్రీల పక్కన పొడో తడో, గాలి ఏ దిక్కు నుంచి వీచిందో, ముందు ఏది కురిసి తరువాత ఏది కురిసిందో కూడా రాయాలి.

ఈ వరుస ఎంత ముఖ్యమో 2013 అక్టోబరు మొదటి వారంలో దక్షిణ డకోటా రాష్ట్రపు పశ్చిమ భాగం చూసింది. అట్లాస్ అని పేరు పెట్టిన ఆ తుఫానులో ముందు చల్లటి వాన కురిసింది, ఆ తడి మీద పెనుగాలితో మంచు దిగింది. పశువులు ఇంకా వేసవి బీళ్లలోనే ఉన్నాయి, వాటికి చలికాలపు బొచ్చు రాలేదు. వేల సంఖ్యలో ఆవులు చచ్చిపోయాయి. జనవరిలో అంతకన్నా ఎన్నో రెట్లు చలిని ఓర్చుకొనే పశువులే అవి. అక్టోబరు ఆరంభంలో అంత మంచు అన్న ఒక్క మాట రాసి ఊరుకొన్న పుస్తకం ఆ నష్టానికి కారణం చెప్పలేదు. వాన ఏ గంటకు మొదలైందో, మంచుగా ఎప్పుడు మారిందో రాసిన పుస్తకం చెబుతుంది.

రాకీ పర్వతాల తూర్పు వాలున వీచే షినూక్ అనే వెచ్చని పొడిగాలి వస్తే ఆ గంటను విడిగా గుర్తించండి. 1943 జనవరి 22న దక్షిణ డకోటాలోని స్పియర్‌ఫిష్‌లో ఈ గాలి వల్ల రెండు నిమిషాల్లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 4 ఫారెన్‌హీట్ డిగ్రీల నుంచి సున్నాకు పైన 45 డిగ్రీలకు ఎగబాకింది. రాంచ్‌లో షినూక్ వచ్చిన రోజు పండుగ వంటిదే, అయితే కరిగిన నీరు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, మరునాడు దొడ్డి అంతా అద్దంలా మారి, ఎవరో ఒకరు జారిపడే రోజు కూడా దాని వెంటే వస్తుంది.

మేత, నీళ్లు, ఎవరి వంతు

590 కిలోల ఆవు చలికాలంలో రోజుకు 12 నుంచి 14 కిలోల ఎండుగడ్డి తింటుంది. 300 ఆవుల మంద ఉన్న ఇంట్లో రోజుకు నాలుగు టన్నుల దాకా గడ్డి పరవాలి. గుండ్రటి కట్ట ఒక్కొక్కటి 450 నుంచి 680 కిలోల బరువు ఉంటుంది కాబట్టి అవి ఆరు నుంచి తొమ్మిది కట్టలు. ఇంటి దగ్గర పశువుల పోషణ తెలిసిన నాన్నకు రాసే ఉత్తరంలో మంద సంఖ్య చెప్పకుండా ఈ గడ్డి బరువు తప్పక ఇవ్వండి. “చాలా గడ్డి వేస్తాం” అంటే ఆయన తల ఊపి ఊరుకుంటారు, నాలుగు టన్నులంటే వెంటనే రేటెంత అని అడుగుతారు. మోంటానాలోని బిగ్ హోల్ లోయలో 1900ల తొలి సంవత్సరాలలో రూపుదిద్దుకొన్న బీవర్‌స్లైడ్ అనే ఏటవాలు కొయ్య సాధనంతో వేసిన పెద్ద గడ్డివాములు ఇప్పటికీ కనిపిస్తాయి, మంచుబండికి గుర్రాలను కట్టి గడ్డి పరిచే కుటుంబాలూ అక్కడ ఉన్నాయి. మీది ట్రాక్టరు ఇల్లయినా గుర్రాల ఇల్లయినా, ఏ రోజు ఎవరు తోలారన్నది కుడి గడిలో పడాలి.

నీళ్ల సంగతి ఎవరూ రాయరు, అది రోజూ ఉండే పని కావడమే కారణం. ఆవుకు ఎంత చలిలోనైనా రోజుకు సుమారు 30 లీటర్ల నీళ్లు కావాలి, వాగు మీద గడ్డకట్టిన మంచును గొడ్డలితో పగలగొట్టి దారి చేయాలి. పదేళ్లు పోయాక పిల్లలకు గుర్తుండేది ఆ గొడ్డలి చప్పుడే కాబట్టి నెలకు ఒకసారైనా మంచు ఎంత మందంగా ఉందో రాయండి.

మేత వేసే గంటను మాత్రం రోజూ రాయాలి. కెనడాలోని మానిటోబాకు చెందిన గస్ కోనెఫాల్ అనే పశుపోషకుడు 1970లలో ఒక సంగతి గమనించాడు. చూడి ఆవులకు పగలు 11 నుంచి 12 గంటల మధ్య ఒకసారి, రాత్రి 9.30 నుంచి 10 గంటల మధ్య మరోసారి మేత వేస్తే, అతని మందలో సుమారు 80 శాతం దూడలు ఉదయం 7 నుంచి రాత్రి 7 గంటల లోపే పుట్టాయి. ఈ పద్ధతి చాలా చోట్లకు పాకింది. మీ ఇంట్లో ఇది ఎంతవరకు పనిచేస్తున్నదో ఈత గంటలు, మేత గంటలు పక్కపక్కన రాస్తేనే తెలుస్తుంది, రాత్రి కాపలా ఎవరికి ఎంత తగ్గిందో కూడా అక్కడే తేలుతుంది.

పుస్తకంలోని నాలుగు ముక్కలను ఉత్తరంగా మార్చడం

ఒక ఉదాహరణ చూపిస్తాను. 2026 మార్చిలో తొలిసారి ఈనే రెండేళ్ల పడ్డ గురించి పుస్తకంలో ఇలా ఉన్నదనుకోండి: “మార్చి 14, తె. 2.40. ఎమ్ 37, తొలిచూలు, కోడె, సాయం లేదు. మైనస్ 12 సె., ఉత్తరపు గాలి. నాకలేదు, చెవులు చల్లన. ఇంట్లోకి.” కుడి గడిలో: “నేను. తొట్టి. పాలు 4.10. అత్తయ్యగారు.”

ఉత్తరం రాసేటప్పుడు ఈ ముక్కలనే ఆధారం చేసుకొని ఆ రాత్రి జరిగినది గుర్తు తెచ్చుకోండి, అలంకారాల జోలికి పోకండి. వెనక ఉన్న కారణం మాత్రం చెప్పండి, ఎందుకంటే ఇంటి దగ్గర ఉన్నవారికి తెలియనిది అదే.

“అమ్మా, మొన్న రాత్రి కాపలా నాది. రెండున్నర దాటాక టార్చి వేసుకొని వెళ్లేసరికి ముప్పై ఏడో నంబరు పడ్డ అప్పుడే ఈని, దూడ వంక తిరిగి కూడా చూడకుండా దూరంగా నిలబడి ఉంది. తొలిచూలు కదా, ఏం చేయాలో దానికీ తెలియదు. తల్లి నాకితే దూడ ఒళ్లు ఆరుతుంది, లేకపోతే ఆ తడి మీదే గాలికి ముందు చెవులు, తోక గడ్డకడతాయి. దూడ నోట్లో వేలు పెట్టి చూస్తే చల్లగా తగిలింది. ఇక ఆలోచించలేదు, స్లెడ్డు మీద వేసుకొని ఇంటికి లాక్కొచ్చి స్నానాలగది తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పట్టి దించాను. తల మునగకుండా గడ్డం కింద చెయ్యి పెట్టి కూర్చున్నాను. ముందు వణకలేదు. వణుకు మొదలైనప్పుడు నాకు ధైర్యం వచ్చింది. నాలుగు గంటల ప్రాంతంలో తువ్వాళ్లన్నీ వాడి తుడిచి, సీసాతో పాలు పట్టాను. పొద్దున అత్తయ్యగారు తలుపు తీసి చూసి, ‘ఎన్నో నంబరు?’ అని మాత్రం అడిగారు. ఆ తువ్వాళ్లు ఆవిడ పెళ్లికి వచ్చినవట, మీ అల్లుడు తరువాత చెప్పారు.”

ఈ ఉత్తరంలో అత్తాకోడళ్ల సంగతి గురించి ప్రత్యేకంగా ఒక్క మాటా లేకపోయినా తల్లికి కావలసిన కబురు అందింది. దూడకు పట్టిన పాల గురించి మాత్రం ఒక వివరణ జోడించడం మంచిది. అవి ఈనిన వెంటనే వచ్చే జున్నుపాలు, దూడకు రోగనిరోధక శక్తి వాటి ద్వారానే అందుతుంది. పుట్టిన మొదటి ఆరు గంటల్లో పేగులు ఆ శక్తిని బాగా పీల్చుకుంటాయి, 24 గంటలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే పుస్తకంలో 4.10 అన్న అంకె ఉండాలి. జున్నుపాలు అనగానే అమ్మ మనసు బెల్లం, మిరియాలు, యాలకుల మీదికి వెళుతుంది. ఆ ఇళ్లలో మిగిలిన జున్నుపాలను ఎవరూ వండరు, తల్లి లేని దూడల కోసం ఫ్రీజర్‌లో దాచిపెడతారని రాస్తే, తిరుగు టపాలో ఒక చీవాటు తప్పదు.

నాన్న అడిగే ప్రశ్న వేరు. అక్కడ మన ఒంగోలు జాతి ఉందా అంటారు. అమెరికాలో బ్రాహ్మన్ అని పిలిచే జాతి తయారీలో ఒంగోలు రక్తం ఉన్న మాట నిజం, బ్రెజిల్‌లో అదే జాతిని నెల్లూరు పేరుతో నెలోర్ అంటారు. అయితే బ్రాహ్మన్ పశువులు ఎండను ఓర్చుకొనేవి, వాటి చోటు టెక్సాస్, ఫ్లోరిడా వైపు. ఉత్తరపు మంచులో మీరు చూసేది ఎక్కువగా నల్లటి యాంగస్, తెల్ల మొహపు హెరిఫర్డ్.

ఊరి కబుర్లను మంద కబుర్లతో కలిపే రాయండి. చలికాలంలో ఆ చిన్న ఊళ్లకు వినోదమంతా హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటే. శుక్రవారం రాత్రి కూతురి ఆటకు ఎవరు వెళ్లారు, ఈనబోయే పడ్డల దగ్గర ఎవరు ఉండిపోయారు అన్నది ఆ ఇంటి నిజమైన వార్త. మోంటానాలో ఒకే గది ఉన్న బడులు ఇంకా నడుస్తున్నాయి, పిల్లలు అటువంటి బడికి వెళితే ఆ గదిలో ఎందరున్నారో, ఏయే తరగతులో రాయండి. తల్లి పోయిన దూడకు పిల్లలు పేరు పెడితే నంబరు పక్కన ఆ పేరూ వేయండి. శరదృతువులో అది లారీ ఎక్కే రోజు గురించి కూడా రాయవలసి వస్తుంది, అది వేరే ఉత్తరం.

పెద్దల జ్ఞాపకాలను అడిగి రాసుకోవడం

తుఫాను వల్ల ఇంట్లో చిక్కుకొన్న సాయంత్రాలు ఇందుకు అనువైనవి. “ఆ రోజుల్లో ఎలా ఉండేది” అని అడిగితే “చలిగా ఉండేది” అన్న జవాబే వస్తుంది. పనిని పట్టుకొని అడగాలి. 1948-49 చలికాలంలో వరుస మంచు తుఫానులకు నెబ్రాస్కా, వయోమింగ్, డకోటాలలో రోడ్లు మూసుకుపోయి, అమెరికా వైమానిక దళం విమానాల నుంచి పశువులకు గడ్డి కట్టలు జారవిడిచింది, దానిని ఆపరేషన్ హేలిఫ్ట్ అన్నారు. అప్పుడు చిన్నపిల్లలుగా ఉన్నవారికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఇంట్లో అటువంటివారు ఉంటే, కట్ట కింద పడ్డాక దాని తీగ ఎవరు కోశారు, ఆ వారాల్లో ఏం వండుకున్నారు, ఏ గదిలో అందరూ కలిసి పడుకున్నారు అని అడగండి. ముళ్లకంచె తీగనే టెలిఫోను తీగగా వాడుకొన్న పాతకాలపు రాంచ్‌ల గురించి వాళ్ల నాన్నలు చెప్పినదేమైనా గుర్తుందేమో కదిలించండి.

పెద్దలు చెప్పే డిగ్రీలను రాసుకొని, తరువాత సరిచూడండి. అమెరికాలో 1890 నుంచి స్వచ్ఛంద పరిశీలకులు రోజువారీ ఉష్ణోగ్రతలు నమోదు చేస్తున్నారు, మీ దగ్గరలోని పరిశీలన కేంద్రం లెక్కలు చాలావరకు దొరుకుతాయి. నమ్మశక్యం కానిదంతా అతిశయోక్తి అనుకోనక్కరలేదు. మోంటానాలోని బ్రౌనింగ్‌లో 1916 జనవరి 23, 24 తేదీలలో 24 గంటల లోపల ఉష్ణోగ్రత 44 నుంచి సున్నాకు దిగువ 56 ఫారెన్‌హీట్ డిగ్రీలకు పడింది. 1954 జనవరి 20న అదే రాష్ట్రంలోని రోజర్స్ పాస్ దగ్గర సున్నాకు దిగువ 70 ఫారెన్‌హీట్ డిగ్రీలు నమోదైంది. తాతగారు చెప్పిన అంకె, రికార్డులోని అంకె వేరైతే రెండూ రాసి ఉంచండి, ఆయన మాటను కొట్టివేయకండి.

రాంచ్ నుంచి వెళ్లిన చలికాలపు వార్తలలో చరిత్రకెక్కినది అసలు ఉత్తరమే కాదు. 1886-87 చలికాలం ఉత్తర మైదానాలలోని మందలను ఊడ్చిపెట్టింది. మోంటానాలోని హెలీనాలో ఉన్న యజమాని తన పశువులు ఎలా ఉన్నాయో తెలపమని కబురు పెడితే, జూడిత్ బేసిన్‌లోని ఓహెచ్ రాంచ్‌లో ఉన్న చార్లీ రస్సెల్ అనే యువ కౌబాయ్ పోస్టుకార్డంత కాగితం మీద బక్కచిక్కి మంచులో నిలబడిన ఒక ఆవును, దాని చుట్టూ పొంచి ఉన్న తోడేళ్లను నీటిరంగులతో గీశాడు. దానినే జవాబుగా పంపారు. అతడు తరువాత పేరుపొందిన చిత్రకారుడయ్యాడు. మీకు బొమ్మ గీయడం రాకపోయినా ఆ పద్ధతి పట్టుకోవచ్చు: మంద మొత్తం గురించి చెప్పవలసినప్పుడు ఒక్క ఆవును ఎంచుకొని దాని గురించి రాయండి.

ఉత్తరంలో రాయకూడనివి

ఆ ప్రాంతంలో ఎన్ని పశువులున్నాయని అడగడం, బ్యాంకులో ఎంత ఉందని అడగడంతో సమానం. ఇంటి వెలుపలికి వెళ్లే ఏ ఉత్తరంలోనూ మంద సంఖ్య ఇవ్వకండి, పొరుగువారి మంద సంఖ్య అసలే ఇవ్వకండి. గేదె ఎన్ని పాలిస్తుందో పదిమందిలో చెప్పడానికి ఇష్టపడని ఇళ్లలో పెరిగినవారికి ఈ మర్యాద కొత్తేమీ కాదు. దూడలు చాలావరకు అక్టోబరు, నవంబరులలో ఏడాదికి ఒక్కసారే అమ్ముడుపోతాయి కాబట్టి అప్పుల సంగతి, ధరల సంగతి చలికాలమంతా ఇంట్లో నలుగుతూనే ఉంటుంది. అది జేబు పుస్తకంలో ఉండవచ్చు గాని, మామగారికి తెలియకుండా కాగితం గడప దాటకూడదు.

చనిపోయిన దూడలను దాచకండి. పుస్తకంలో తేదీ, కారణం తెలిస్తే కారణం రాయండి. ఉత్తరంలో ఒక్క వాక్యం చాలు. వరుసగా మూడు పేజీలు మంచి వార్తలే ఉన్న ఉత్తరాన్ని పశువులు తెలిసిన నాన్న నమ్మరు.

భద్రపరచడం

జూన్‌లో, కొత్త దూడలకు వాతలు వేసే పని ముగిసి మంద వేసవి బీళ్లకు వెళ్లాక ఒక మధ్యాహ్నం దీనికి కేటాయించండి. పెన్సిల్ రాత తడికి చెదరదు గాని పేజీల రాపిడికి మాసిపోతుంది కాబట్టి ముందు ప్రతి పేజీనీ పగటి వెలుతురులో ఫొటో తీయండి. రబ్బరు బ్యాండు వేయకండి, అది కొన్నేళ్లకు జిగురులా కరిగి అట్టకు అంటుకుంటుంది. పాత రాంచ్ ఇళ్లలో ఎలుకల బెడద ఎక్కువ కనుక అట్టపెట్టె కన్నా మూత బిగుతైన రేకు డబ్బా మేలు. ఒక్కొక్క పుస్తకాన్ని ఒక్కొక్క కవరులో పెట్టి, కవరు మీద ఆ సంవత్సరపు చెవి బిళ్ల అక్షరం, తొలి ఈత, చివరి ఈత తేదీలు, ఆ చలికాలం ఇంట్లో ఉన్నవారందరి పేర్లు ఇంటిపేర్లతో సహా రాయండి. లోపలి పేజీల్లో అందరూ “నేను”, “మామయ్యగారు”, “బాబు” మాత్రమే, ముప్పై ఏళ్లు పోయాక ఆ డబ్బా తెరిచేవారికి ఆ “నేను” ఎవరో చెప్పేది ఆ కవరొక్కటే.